ఏమీ చేయలేదని ధ్రువపత్రం

మా తంగెడుచెలిమ మండల కార్యాలయానికి ఎదురుగా నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. ఉద్యోగం వెతుక్కునే పిల్లలందరి మొదటి రెజ్యూమె పద్నాలుగేళ్ళుగా నా చేతి మీదుగానే తయారవుతోంది. నా కంప్యూటర్‌లో ఒక నమూనా ఉంది. అది ఎవరిదో నాకు తెలియదు. కంప్యూటర్ కొన్నప్పటికే అందులో ఉంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మార్చి మిగతాది అలాగే ఉంచి ఇస్తాను. అందువల్ల మా మండలంలో యువతీయువకులందరి జీవితాశయం ఒక్కటే. సవాళ్ళతో కూడిన వాతావరణంలో తమ సృజనాత్మక శక్తులను సంస్థ అభివృద్ధికి ధారపోయడం. అందరి బలం కష్టపడి పనిచేయడం. అందరి బలహీనత మరీ ఎక్కువ కష్టపడి పనిచేయడం. అందరి హాబీ చదరంగం. మా మండలంలో చదరంగం ఆడేవాళ్ళను నేనింతవరకు చూడలేదు. ఫిర్యాదు కూడా రాలేదు.

కిందటి ఏప్రిల్‌లో దూస స్పందన వచ్చింది. బస్టాండు దగ్గర టైలర్ లక్ష్మీరాజం కూతురు. బీకాం పాసైన పిల్ల. తెర మీద నమూనాను మొదటి నుంచి చివరి దాకా చదివింది. నా దుకాణంలో దాన్ని చదివిన మొదటి మనిషి ఆమే.

"కాకా, నాకు చదరంగం రాదు గదా," అంది.

"ఎవ్వరికీ రాదు బిడ్డా. ఉండనియ్యి."

"ఇంటర్వ్యూల అడిగితే?"

"ఇన్నేండ్లల్ల ఎవ్వరూ అడగలే."

అయినా తీసేయమంది. ఆశయం తీసేయమంది, బలహీనత తీసేయమంది. చివరికి పేజీలో సగం మిగిలింది. తర్వాత తను రాసుకొచ్చిన చిన్న కాగితం ముందు పెట్టింది. డిగ్రీ అయిపోయింది కిందటేడు మే నెలలో. ఆ నెలలోనే వాళ్ళమ్మ రాజేశ్వరి డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతూ మెట్ల మీద నుంచి పడింది. తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు, అది చీము పట్టింది, మళ్ళీ కోశారు. ఆ పదకొండు నెలల ఎదురుగా స్పందన "అమ్మను చూసుకున్నాను" అని రాసింది.

"ఇది బాగుండదు బిడ్డా. ఇంటి ముచ్చట్లు రెజ్యూమెల రాయరు," అని ఆ వరుస కొట్టేసి అక్కడ తెల్లగా వదిలేశాను. తర్వాత జరిగినదంతా ఆ తెల్లటి జాగాలో నుంచి పుట్టిందే. అందులో నా బాధ్యత నేను ఒప్పుకుంటున్నాను.

ఉద్యోగం జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. రోగులు రాగానే కనపడే బల్ల వెనక కూర్చుని, ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే పని. ఎందుకు ఈ ఉద్యోగం అని ఇంటర్వ్యూలో అడిగితే ఆ పిల్ల ఉన్నమాట చెప్పిందట. "మా అమ్మను చక్రాల కుర్చీల కూసోవెట్టుకొని, ఏ కాగితం ఏ కిటికీ కాడ ఇయ్యాల్నో తెల్వక, ఒకనాడు మూడు గంటలు తిరిగిన సార్. అడిగితే చెప్పేటోళ్ళు లేరు. అందుకే ఆ కిటికీ అవతల కూసోవాలని ఉన్నది." అక్కడున్న డాక్టరుకు ఆ జవాబు నచ్చింది. తీసుకుంటామన్నారు.

తర్వాత నియామకాల అధికారి ఆమె రెజ్యూమె మీద స్కేలు పెట్టి కొలిచాడు. మే నుంచి ఏప్రిల్ దాకా మధ్యలో తెలుపు ఉంది. "ఇక్కడ పదకొండు నెలలు కనపడడం లేదు. మండల కార్యాలయం నుంచి శూన్యకాల ధ్రువపత్రం తీసుకురావాలి. జూన్ ఒకటిన చేరాలి," అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే ఆ నియమం కొత్తగా వచ్చింది. యువశక్తిలో ఒక్క నెల కూడా వృథా పోకూడదని పైన ఎవరికో గట్టిగా అనిపించిందట. దాని ప్రకారం ప్రతి యువకుడూ ప్రతి యువతీ తన జీవితంలోని ప్రతి నెలా చదువులో ఉన్నట్టో, కొలువులో ఉన్నట్టో చూపాలి. రెండూ కాకపోతే, ఆ నెలల్లో ఏమీ చేయలేదని ప్రభుత్వం చేత ధ్రువీకరించుకోవాలి. దీనికి ముప్పై రెండు పేజీల నియమావళి వచ్చింది. నకళ్ళు నా దుకాణంలోనే తీశారు.

మండల కార్యాలయంలో ఈ విభాగం చూసేది సీనియర్ అసిస్టెంటు పరంధాములు గారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదు గానీ, ఆఫీసులో మాత్రం ఉత్తర్వు చదివినట్టే మాట్లాడతారు.

"చూడమ్మా. ప్రభుత్వం దృష్టిలో పౌరునికి మూడే దశలు. విద్యాభ్యాస దశ, ఉద్యోగ దశ, పదవీ విరమణ దశ. ఈ మూడింటికీ చెందని కాలము నీ వద్ద కలదని నీవు అనుచున్నావు. నిరూపణ భారము నీదే."

ఫారంలో మొదటి వాక్యమే ఇలా ఉంది: "పైన పేర్కొన్న కాలములో నేను ఏ విధమైన పనియు చేయలేదని ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను." స్పందన పెన్ను పట్టుకుని కాసేపు ఆగింది. తర్వాత సంతకం చేసింది.

జతపరచవలసిన వాటిలో నాలుగోది ఒక ఫోటో. దరఖాస్తుదారు ఏమీ చేయకుండా ఉండగా తీసిన నిలువెత్తు ఫోటో. నా దుకాణంలోని నీలం తెర ముందు ఆమెను నిలబెట్టి తీశాను. మర్నాడు తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో, "నిలబడి యున్నది. నిలబడుట ఒక క్రియ," అని ఉంది. కూర్చోబెట్టి తీశాను. "కూర్చుండి కెమెరా వైపు చూచుచున్నది," అని వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూయించి తీశాను. ఈసారి వివరంగా రాశారు: "విశ్రాంతి తీసుకొనుచున్నది. విశ్రాంతి పని చేసిన వారికే అవసరము. కావున అంతకు పూర్వము పని చేసినట్లు అనుమానము కలుగుచున్నది." నాలుగోసారి నేను ఖాళీ కుర్చీని ఫోటో తీసి, కింద ఆమె పేరు రాసి పంపాను. అది ఆమోదం పొందింది.

తర్వాత క్షేత్ర విచారణ. అంటే రెవెన్యూ తనిఖీలు చేసే గిర్దావర్ యాదగిరి స్వయంగా ఆమె ఉండే వాడకట్టుకు వెళ్ళి ఇరుగుపొరుగును అడిగి రాసుకోవాలి. ఆయన మంచి చొక్కా వేసుకుని, చేతిలో డైరీ పట్టుకుని వీధిలో దిగేసరికి, ఎదురింటి ఎల్లవ్వ ఆయన్ని పెళ్ళి సంబంధం కోసం వాకబు చేయడానికి వచ్చిన మనిషి అనుకుంది. పిల్ల జీవితం తన మాట మీదే ఆధారపడి ఉందని ఆమెకు అర్థమైంది. అరుగు దులిపి కూర్చోబెట్టింది.

"ఈ అమ్మాయి కిందటి సంవత్సరం ఏం చేస్తుండేది?" అని గిర్దావర్ అడిగాడు.

"ఏం చేసిందని కాదు సారూ, ఏం చెయ్యలేదని అడుగు," అంది ఎల్లవ్వ. "పొద్దుగాల అయిదింటికి లేస్తది. వాళ్ళమ్మకు ఒళ్ళు తుడుస్తది, పుండు కడిగి పట్టీ మారుస్తది. వండుతది. వాళ్ళ నాయిన కుట్టిన అంగీలకు కాజాలు తీస్తది, గుండీలు కుడ్తది. మాపటీలి వాడకట్టు పోరగాండ్లకు లెక్కలు చెప్తది. నా పింఛను ఆగితే కాగితాలు రాసి, నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగి తెచ్చిచ్చింది. మీరు దీపం వెట్టి ఎతికినా అసొంటి పిల్ల దొరకదు."

"ఖాళీగా ఎప్పుడైనా కూర్చుందా?"

"ఒక్కనాడు సుత ఊకె కూసోలే. కావాలంటే రాసుకో, ఏలిముద్ర ఏస్త."

గిర్దావర్ రాసుకున్నాడు. ఎల్లవ్వ వేలిముద్ర వేసింది. ఇది చూసి పక్కింటివాళ్ళు, వెనకింటివాళ్ళు వచ్చి తలా ఒకటి చేర్చారు. నివేదికలో మొత్తం పదిహేడు పనులు తేలాయి. మూడో రోజున స్పందన చేతికి కాగితం వచ్చింది. విచారణలో దరఖాస్తుదారు ఒక్క దినము కూడా ఊరక యుండలేదని రుజువైనందున శూన్యకాల ధ్రువపత్రము మంజూరు చేయుటకు వీలులేదు. అంతేగాక, ఏమీ చేయలేదని తప్పుడు ప్రమాణము చేసినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలెను.

ఎల్లవ్వకు సంగతి తెలిసింది. "నేను మంచిగనే చెప్పిన గదా," అని రెండు రోజులు అదే అంటూ తిరిగింది.

నాకు మాత్రం ఈ కాగితం శుభవార్తలా కనిపించింది. స్పందనను వెంటబెట్టుకుని పరంధాములు గారి దగ్గరికి వెళ్ళాను. పని చేసిందని తమరే తేల్చారు కాబట్టి, ఆ మాటే అనుభవ పత్రంగా ఇప్పించమని అడిగాను. ఆయన కోప్పడలేదు. వేరే బీరువా తెరిచి వేరే ఫారం తీశారు.

"యజమాని పేరు?"

"మా అమ్మ సార్," అంది స్పందన.

"నియామక పత్రము ఉన్నదా?"

స్పందన సంచిలో వెతికి, "పుట్టిన సర్టిఫికెట్ ఉన్నది సార్," అని ఇచ్చింది.

ఆయన దాన్ని రెండు వైపులా శ్రద్ధగా చదివారు. "ఇందులో పని గంటలు పేర్కొనబడలేదు. సెలవుల ప్రస్తావన లేదు. నియామకమునకు నీవు అంగీకారము తెలిపినట్లు సంతకము లేదు. కావున దీనిని ఉద్యోగముగా పరిగణించజాలము. ఉద్యోగము కానిది పని కాదు."

"పని కాకుంటే, ఏమీ చెయ్యలేదనే రాసియ్యుండ్రి సార్."

"అది ఎట్లా కుదురును? పని చేసినట్లు విచారణలో తేలినది గదా."

ఆ రోజు నుంచి ఆ గదిలో స్పందన పేరు మీద రెండు ఫైళ్ళున్నాయి. ఎడమ బీరువాలోని ఫైలు ప్రకారం ఆమె పదకొండు నెలలు పని చేసింది. కుడి బీరువాలోని ఫైలు ప్రకారం ఏ పనీ చేయలేదు. రెండింటి మీదా పరంధాములు గారి సంతకమే ఉంది.

దుకాణానికి తిరిగొచ్చి స్పందన స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగలేదు. మే నెల సగం దాటిపోయింది.

"కాకా, మా అమ్మ కాలు వాచి నల్లవడితే, కాలే పోతదేమోనని డాక్టర్ అన్నడు. ఇంట్ల చెప్పలే. నాయినకు సుత చెప్పలే. వారం దినాలు నేనొక్కదాన్నే మనసుల పెట్టుకొని తిరిగిన," అంది. "ఆ దినాలల్ల నేనేం చెయ్యలేదని రాసియ్యమని నేనే దరఖాస్తు పెట్టుకున్న."

నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు నటించాను. ఆమె కాగితం మీద ఆ వరుస కొట్టేసింది నేనే కదా.

రెండు ఫైళ్ళు తహసీల్దార్ మేడం దగ్గరికి వెళ్ళాయి. ఆమె పని చకచకా తెమిల్చే మనిషి అని పేరు. నియమావళిలో తొమ్మిదో నియమం ఆమెకే దొరికింది. రాతపూర్వక ఆధారాలు పరస్పరం విరుద్ధంగా ఉన్నప్పుడు ప్రత్యక్ష పరీక్ష పెట్టవచ్చు.

"దరఖాస్తుదారు మూడు పనిదినాలు ఈ కార్యాలయంలో, ప్రభుత్వ పర్యవేక్షణలో, ఏమీ చేయకుండా కూర్చోవాలి," అని మేడం వివరించింది. "మూడు రోజులు కూర్చోగలిగిన వ్యక్తి పదకొండు నెలలు కూడా కూర్చొని ఉండగలదని భావించవచ్చు. మానవ సహజమైన స్పందనలు రెండింటి వరకు క్షమార్హం. మూడోది జరిగితే అనర్హత." తర్వాత దరఖాస్తు మీద పేరు చూసి కాస్త ఆలోచించింది. "పేరు కొంచెం ఇబ్బందిగానే ఉంది. అయినా నియమావళిలో పేరు గురించి ఏమీ లేదు కనుక కొనసాగించవచ్చు."

మే ఆఖరి సోమ, మంగళ, బుధవారాలు పరీక్ష. గురువారం ఒకటో తారీఖు. ఉద్యోగంలో చేరే రోజు.

హాలు మధ్యలో కుర్చీ వేశారు. ఎదురుగా రికార్డ్ అసిస్టెంట్ సాంబయ్య కూర్చున్నాడు. రిటైర్ అవడానికి ఎనిమిది నెలలున్న మనిషి. పావుగంటకొకసారి రిజిస్టర్లో "ఏమీ చేయలేదు" అని రాయడం ఆయన పని. ఆయన కూడా కుర్చీ మీద నుంచి లేవకూడదు, చూపు తిప్పకూడదు. ఇరవై ఏళ్ళలో తనకింత గట్టి పని ఎవరూ చెప్పలేదని ఆయన మొదటి రోజు సాయంత్రం టీ దగ్గర నాతో అన్నాడు.

పదిన్నరకు మొదలైంది. పదకొండింటి లోపే గండం వచ్చింది. ఒక ముసలాయన చేతిలో పట్టా నకలు పట్టుకుని ఏ కిటికీకి పోవాలో తెలియక హాలంతా రెండుసార్లు తిరిగాడు. మూడోసారి స్పందన ముందు నిలబడి, "బిడ్డా, ఇది యాడ ఇయ్యాలె?" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. ఆయన కాగితం ఆమె కళ్ళ ముందు పెట్టాడు. స్పందన చెయ్యి దానంతటదే లేచి నాలుగో కిటికీ వైపు చూపించింది.

"ఒకటి," అని సాంబయ్య రాసుకున్నాడు.

ముసలాయన పని నాలుగో కిటికీ దగ్గర పది నిమిషాల్లో అయిపోయింది. ఆయన బయటికి వెళ్ళి ఆ సంగతి నలుగురికి చెప్పాడు. మధ్యాహ్నానికి స్పందన కుర్చీ ముందు ముప్పైమంది వరుస కట్టారు. ఆమె పెదవులు బిగబట్టి నేల చూస్తూ కూర్చుంది. వాళ్ళు కదలలేదు. అడగగానే కసిరి పంపని మనిషి ఆఫీసులో ఒకరు కూర్చున్నారనే సంగతే వాళ్ళకు ధైర్యంగా ఉంది.

దీని మీద మేడం ఒక బోర్డు రాయించింది: "ఇచ్చట ఏ పనియు జరుగదు. ఎవరినీ ఏమీ అడగరాదు." దాన్ని కుర్చీ వెనక గోడకు కొట్టమంటే, అక్కడ మేకు దిగలేదని అటెండరు తీసుకెళ్ళి గేటుకు తగిలించాడు. మంగళవారం పొద్దున వచ్చిన జనం గేటు దగ్గర బోర్డు చదివి, ఆశ్చర్యపోకుండా వెనక్కి వెళ్ళిపోయారు. ఆ రోజు దరఖాస్తు ఒక్కటి కూడా రాలేదు. సాయంత్రం జిల్లా సమీక్షలో మా మండలం పెండింగు బాగా తగ్గించిందని మెచ్చుకున్నారు.

జనం లేకపోవడంతో ఆ రోజు స్పందన ప్రశాంతంగా కూర్చునేదే. మూడు గంటలకు పరంధాములు గారి గదిలో కంప్యూటర్ తెర నల్లబడింది. ఆయన దాన్ని తట్టి చూశారు, పక్కకు జరిపి చూశారు. ఆఖరికి గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా స్పందనా, ఇది ఏదో నల్లగా అయినది. ఒక్క నిమిషము చూడుము."

స్పందన సాంబయ్యను చూసింది. సాంబయ్య రిజిస్టర్ను చూశాడు.

"అధికారి ఆదేశము," అన్నారు పరంధాములు గారు.

ఆమె లేచి వెళ్ళింది. తెర వెనక వదులైన తీగను బిగించింది. తెర వెలిగింది. పరంధాములు గారు చాలా సంతోషించి, అదే కంప్యూటర్ మీద అప్పటికప్పుడే రెండో ఉల్లంఘన నమోదు చేశారు. అధికారి ఆదేశాన్ని పాటించడం కూడా పని కిందికే వస్తుందని, నిజంగా ఏమీ చేయని మనిషైతే ఆదేశాన్ని కూడా పాటించేది కాదని రాశారు.

బుధవారం ఇక ఒక్క పొరపాటుకు కూడా జాగా లేదు. అప్పటికి సంగతి ఊరంతా తెలిసింది. బోర్డును హాల్లోకి మార్చారు. వచ్చినవాళ్ళు స్పందన దగ్గరికి పోకుండా గోడ పక్కనుంచి నడిచారు. ఎవరి బిడ్డో ఏడిస్తే తల్లి వెంటనే బయటికి ఎత్తుకెళ్ళింది, ఆ ఏడుపుకు స్పందన ఎక్కడ లేస్తుందోనని. నేను మధ్యమధ్య దుకాణం వదిలి వెళ్ళి కిటికీలోంచి చూశాను. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నాలుగింటికి కిటికీలు మూసేశారు. హాలు ఖాళీ అయింది. నేను కిటికీ దగ్గరే ఉండిపోయాను.

నాలుగూ నలభైకి బయట ఆటో ఆగింది.

దిగింది రాజేశ్వరి. పక్కన ఎల్లవ్వ. బిడ్డను ఆఫీసులో మూడు రోజుల నుంచి శిక్ష వేసి కూర్చోబెట్టారని ఎల్లవ్వే చెప్పిందట. రెండో ఆపరేషన్ తర్వాత రాజేశ్వరి ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళింది లేదు. వాకర్ పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తూ వరండా దాటి గుమ్మం దాకా వచ్చింది. మా ఆఫీసు గుమ్మం ముందు ఒక మెట్టు ఉంది, మామూలు మెట్టు కంటే ఎత్తు. ఆమె వాకర్ లేపి మెట్టు మీద పెట్టింది. అది ఒక పక్కకు ఒరిగింది. ఎల్లవ్వ పట్టుకోబోయింది గానీ ఆమెకే పట్టు లేదు. నేను కిటికీ దగ్గర నుంచి వరండా చుట్టూ పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికే స్పందన అక్కడ ఉంది. ఒక చెయ్యి తల్లి నడుం చుట్టూ వేసి, ఇంకో చేత్తో వాకర్ నిలబెట్టి, "కుడి కాలు ముందుగాల, అమ్మా. గట్లనే. ఇప్పుడు ఎడమది," అంటూ మెట్టు ఎక్కిస్తోంది. వేలసార్లు చేసిన పనిలా ఉంది. తల్లిని తన కుర్చీలోనే కూర్చోబెట్టింది.

సాంబయ్య పెన్ను గాలిలో ఆగిపోయింది. గోడ గడియారం చూశాడు, పరంధాములు గారి గది వైపు చూశాడు.

"నేను సూడలే బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఇంక ఇరవై నిమిషాలే. పక్కన ఇంకో కుర్చీ ఏసుకొని కూసో. ఏమీ చెయ్యలేదనే రాస్త."

"వద్దు తాతా. లేచిన అని రాయి."

"నౌకరి పోతది బిడ్డా."

"పోతే పోనియ్యి. అమ్మను పట్టుకున్న అని రాయి, మెట్టు ఎక్కిచ్చిన అని రాయి. పదకొండు నెలలు ఏం చెయ్యలేదని నా చేతితోనే సంతకం పెట్టిన. మళ్ళ ఆ మాట రాయనియ్య."

రాజేశ్వరికి ఇదంతా ఏమీ అర్థం కాలేదు. బిడ్డ ముఖం చూసి, "ఏం జెయ్యలేదన్నది ఎవరు?" అని అడిగింది. సాంబయ్య తల వంచి రాశాడు. ఎప్పుడూ ఒక వరుసలో అయిపోయే రాత ఆ రోజు నాలుగు వరుసలు పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు నుంచి ఉత్తర్వు నా దుకాణానికి టైపుకు వచ్చింది. వాళ్ళ కంప్యూటర్ తెర మళ్ళీ నల్లబడిందట, ఎవరికీ బాగుచేయడం రాలేదట. నేనే టైపు చేశాను. క్షేత్ర విచారణలో తేలిన పదిహేడు పనులు వరుసగా ఉన్నాయి. తర్వాత మూడు రోజుల పరీక్ష వివరాలు. ఆఖరి పేరా ఇది:

"కావున సదరు దూస స్పందన, తండ్రి లక్ష్మీరాజం, ప్రభుత్వ పర్యవేక్షణలో పలుమార్లు అవకాశము కల్పించినప్పటికీ, పని చేయకుండా ఉండజాలదని, ఇతరులు ఇబ్బందిలో ఉన్న ఎడల తన నష్టమును కూడా లెక్కించక లేచి వెళ్ళునని నిస్సందేహముగా నిర్ధారింపబడినది. శూన్యకాల ధ్రువీకరణకు ఈమె శాశ్వతముగా అనర్హురాలు."

ఆఫీసులో దాని కింద గుండ్రటి ముద్ర, సంతకం, నంబరు పడి స్పందన చేతికి వచ్చింది.

స్పందన దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళబోయింది. నేను దుకాణానికి షట్టర్ దించి, ఆమెతో పాటు జిల్లా బస్సు ఎక్కాను. చూపించి వద్దాం, పోయేదేముంది అన్నాను.

ఆసుపత్రిలో నియామకాల అధికారి కాగితం అందుకుని ముందు ముద్ర చూశాడు. వెలుతురుకు పెట్టి మళ్ళీ చూశాడు. నంబరు తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు.

"సార్, అది పత్రం ఇయ్యలేమని రాసిన కాగితం," అంది స్పందన. ఆ పిల్లకు దాచడం రాదు.

"నాకు కావలసింది మండల కార్యాలయం ముద్రతో శూన్యకాలం గురించిన పత్రం. ఇది శూన్యకాలం గురించే కదా?"

"అవును సార్. కానీ లోపల..."

"లోపలి విషయం పరిశీలించేది వేరే విభాగం."

"ఆ విభాగం ఎక్కడుంది సార్?"

"ఇంకా ఏర్పాటు కాలేదు," అని ఆయన స్కేలుతో కొలిచి ఆ కాగితాన్ని ఫైల్లో గుచ్చాడు. పదకొండు నెలల తెలుపు మీద ఒక టిక్కు పెట్టాడు. స్పందనకు ఉద్యోగం వచ్చింది.

బయటికొచ్చాక సంతోషంగా ఉందా అని అడిగాను. ఉన్నది అంది. బస్సు ఎక్కుతూ, "ఆయన చదివితే బాగుండు," అంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ ఉత్తర్వు నకలు ఒకటి తీసివ్వమంది. రాత్రి అన్నాలయ్యాక వాళ్ళమ్మకు చదివి వినిపించిందట. పదిహేడు పనులూ విని రాజేశ్వరి, పద్దెనిమిదోది వదిలేశారని, నీళ్ళ బిందె సంగతి రాయలేదని తప్పు పట్టిందట.

మా ఆఫీసులో బోర్డు తీసేశారు, కుర్చీ కూడా తీసేశారు. అయినా జనం అలవాటు కొద్దీ హాలు మధ్యలోకే వచ్చి నిలబడ్డారు, కుర్చీ ఉండిన జాగాలోకి చూస్తూ. రెండు రోజులు చూసి సాంబయ్య లేచి వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. ఎవరైనా కాగితం చూపిస్తే చదివి, ఏ కిటికీయో చెప్పాడు. తెలియకపోతే తనే వెళ్ళి కనుక్కొచ్చాడు. నెల తిరిగేసరికి ఆయనకు మెమో వచ్చింది. తనకు కేటాయించని పనులు తన ఇష్టానుసారం చేసినందుకు వారంలోగా లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వాలి.

మెమో పట్టుకుని ఆయన నా దుకాణానికి వచ్చాడు. ఇలాంటివాటికి కూడా నా దగ్గర ఒక నమూనా ఉంది. పొరపాటున జరిగింది, ఇకమీదట జరగదు, దయతో క్షమించగలరు అని మూడు వాక్యాలు. పేరు మారిస్తే చాలు. తెర మీద తెరిచి చూపించాను.

సాంబయ్య కళ్ళద్దాలు పెట్టుకుని మూడు వాక్యాలూ చదివాడు.

"ఇది తీసెయ్యి భిక్షపతీ," అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఏమేం చేసిన్నో ఒక్కొక్కటే చెప్త. టైపు చెయ్యి."

వివరణ రెండు పేజీలు వచ్చింది.